యుద్ధ నివారణలో మంత్రాంగం: ఉద్యోగపర్వం నుండి ఐక్యరాజ్యసమితి దాకా

సంస్కృతంలో ‘మంత్ర’ శబ్దానికి దేవతాపరమైన అర్థంతో పాటు రహస్యాలోచన అనే అర్థం కూడా కలదు. ‘మంత్రి’ అనే మాట ఈ రెండవ అర్థాన్ని ఆశ్రయించి పుట్టినది. తెలుగులో ‘మంత్రాంగం’, ‘మంతనం’ అనే వ్యవహారాలు కూడా దీని పరివారంలోనివే. మంత్రి అనగా పదవిని అనుభవించేవాడని కాక, ఆలోచన చెప్పేవాడని మూలార్థం. నేటి అంతర్జాతీయ వ్యవహారాలలో ‘రాజకీయ సలహాదారు’ అనే పేరుతో పనిచేసేవారు ఈ మూలార్థానికి మిక్కిలి దగ్గరగా ఉన్నారు. వారికి సైన్యం లేదు, ఖజానా లేదు, ఆజ్ఞాపించే అధికారం లేదు. చూచినది చెప్పడం, చెప్పినదానిని వినిపించడం, విననప్పుడు మరల చెప్పడం వారి పని.

ఈ పని ఎట్టిది, దాని మర్యాదలేవి, అది ఎక్కడ ఫలించినది, ఎక్కడ విఫలమైనది అనే విషయాలను ప్రాచీన రాజనీతి వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. యుద్ధాలు సాధారణంగా ముందుగా తెలియక రావు. తెలిపేవారు దాదాపు ప్రతి కాలంలోనూ ఉన్నారు. లోపం ఎక్కువగా వినేవారి యందే కనబడుతున్నది. అట్లయినప్పుడు చెప్పేవాని ధర్మం ఎంతవరకు అనే ప్రశ్న కలుగుతుంది. దీనికి మహాభారతం ఇచ్చిన సమాధానం నేటికీ ఆలోచింపదగినది.

కౌటిల్యుని మతం

1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి గుర్తించి, 1909లో ప్రకటించిన అర్థశాస్త్రం దూతవిషయాన్ని మొదటి అధికరణంలోనే చర్చించినది. ‘మంత్రాధికారం’ తరువాత ‘దూతప్రణిధి’ అనే ప్రకరణం వస్తుంది. ఈ క్రమం సాభిప్రాయమైనది. ఆలోచన స్థిరపడిన పిమ్మటనే దూతను పంపవలెనని శాస్త్రకారుని ఆశయం. ఏమి కోరవలెనో తాను తేల్చుకొనని రాజు ఎంతటి సమర్థుని పంపినా ప్రయోజనం లేదు.

మంత్రాలోచన ఎందరితో చేయవలెను అనే ప్రశ్నకు కౌటిల్యుని సమాధానం లోకానుభవంతో కూడినది. ఒక్కనితో ఆలోచిస్తే అతడు అదుపు లేక ప్రవర్తిస్తాడు. ఇద్దరితో ఆలోచిస్తే వారు కలిసి రాజును లోబరచుకొంటారు, లేదా తమలో తాము కలహించి కార్యాన్ని చెరుపుతారు. కనుక ముగ్గురు లేక నలుగురు ఉండడం యుక్తమని ఆయన నిర్ణయం.

దూతలను ఆయన మూడు విధాలుగా విభజించినాడు. కార్యభారమంతా అప్పగింపబడి, సందర్భాన్ని బట్టి స్వయంగా నిర్ణయించగలవాడు నిసృష్టార్థుడు. ఇంతవరకే మాట్లాడవలెనని హద్దు విధింపబడినవాడు పరిమితార్థుడు. లేఖను గాని మాటను గాని ఉన్నదున్నట్లు చేర్చేవాడు శాసనహరుడు. మొదటివానికి అమాత్యగుణాలన్నీ ఉండవలెను. రెండవవానికి వానిలో పాతిక వంతు, మూడవవానికి సగం వంతు తక్కువైనను చెల్లుతుంది. పూర్ణాధికారం గల రాయబారి, పరిమితమైన ఆదేశపత్రంతో వచ్చే ప్రత్యేక ప్రతినిధి, లేఖను అందజేసే ఉద్యోగి అనే నేటి భేదాలు ఈ విభాగానికి దూరమైనవి కావు.

దూత నడవడిని గురించి చెప్పిన నియమాలు సూక్ష్మమైనవి. తనకు జరిగే సత్కారానికి పొంగిపోరాదు. మద్యానికి దూరంగా ఉండవలెను. ఒంటరిగా నిద్రింపవలెను, ఏలయనగా నిద్రలోనూ మత్తులోనూ మనసులోని మాట బయటపడుతుంది. ఎదుటి రాజు కంఠధ్వనిలో, ముఖంలో, చూపులో ప్రసన్నత ఉన్నదా, ఆసనం దగ్గరగా ఇచ్చినాడా దూరంగా ఇచ్చినాడా అన్నది గమనింపవలెను. తాను తెచ్చిన మాట ఎంత కఠినమైనను, ప్రాణభయం కలిగినను, మార్చకుండా చెప్పవలెను. రాజులు దూతల నోటితో మాట్లాడతారు గనుక దూత అవధ్యుడు.

అయితే ఒక భేదాన్ని మరువరాదు. కౌటిల్యుని దూత తన రాజు లాభం కొరకే పాటుపడేవాడు. సంధిని కాపాడడం అతని పనులలో ఒకటి. శత్రువుల మిత్రులను విడదీయడం, రహస్యాలు సేకరించడం కూడా అతని పనులే. అట్లని కౌటిల్యుని యుద్ధప్రియునిగా భావింపరాదు. షాడ్గుణ్య ప్రకరణంలో సంధివిగ్రహాల ఫలం సమానమైనప్పుడు సంధినే గ్రహింపవలెనని ఆయన స్పష్టంగా చెప్పినాడు. యుద్ధంలో జననష్టం, ధనవ్యయం, దూరప్రవాసం, అనర్థం అనే నాలుగు దోషాలు తప్పవని కారణం కూడా చూపినాడు.

ఉద్యోగపర్వంలోని రాయబారాలు

శాస్త్రం చెప్పిన మూడు విధాల దూతలకూ భారతంలోని ఉద్యోగపర్వం ఉదాహరణలను ఇస్తున్నది. శ్రీకృష్ణుడు నిసృష్టార్థుడు. ధృతరాష్ట్రుడు పంపిన సంజయుడు పరిమితార్థుడు. చివర దుర్యోధనుని పరుషవాక్యాలను మోసికొని వచ్చిన ఉలూకుడు శాసనహరుడు. అతడు పలికిన మాటలు పాండవుల కోపాన్ని ఎంత రగిల్చినను, దూతగా అతనికి భయం లేదని ధర్మరాజు అభయమిచ్చినాడు.

వీరిలో సంజయుని స్థితి విశేషంగా పరిశీలింపదగినది. రాజ్యభాగం ఇస్తామనే మాట లేకుండానే శాంతిని కోరవలసిన పని అతనిపై పడినది. చేతిలో ఇవ్వడానికి ఏమీ లేని రాయబారి అతడు. పాండవులు ఐదూళ్ళు ఇచ్చినను చాలునన్నారు. ఆ మాటతో తిరిగివచ్చిన సంజయుడు రాత్రివేళ ధృతరాష్ట్రుని దర్శించి, తప్పు రాజు యందే ఉన్నదని నిష్ఠురంగా చెప్పి, తక్కిన విషయం మరునాడు సభలో విన్నవిస్తానని వెడలిపోయినాడు. రాజుకు నిద్ర పట్టలేదు. అప్పుడు విదురుని పిలిపించుకొన్నాడు. ఆ రాత్రి విదురుడు చెప్పినదే విదురనీతి.

ఆ ఉపదేశసారాన్ని ఒక్క మాటలో చెప్పవలెనంటే, ప్రియం పలికేవారు కోరినంతమంది దొరుకుతారు. వినడానికి చేదుగా ఉన్నను మేలు చేసే మాటను చెప్పేవాడు అరుదు, వినేవాడు అంతకన్న అరుదు. ధృతరాష్ట్రుడు దీనిని కాదనలేదు. విదురుని మాట వింటున్నంతసేపు తన బుద్ధి పాండవుల వైపే మొగ్గుతుందని, దుర్యోధనుని చూడగానే మరల వెనుకకు తిరుగుతుందని ఒప్పుకొన్నాడు. అతనికి తెలియనిది ఏదీ లేదు. తెలిసినదానిని ఆచరించే బలం మాత్రమే లేదు.

ఈ కథను తెలుగు చేసిన తిక్కన సోమయాజి పుస్తకపాండిత్యం మాత్రమే కలవాడు కాదు. నెల్లూరి ప్రభువు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉన్నవాడు. దాయాదులైన అక్కన బయ్యనల వలన మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడైనప్పుడు, తిక్కన ఓరుగల్లుకు వెళ్ళి కాకతి గణపతిదేవుని సహాయం సంపాదించినట్లు కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్ర చెబుతున్నది. రాయబార ఘట్టాలలో తిక్కన పాత్రలు ఒక్కొక్క మాటను తూచి పలుకుతాయని విమర్శకులు మెచ్చుకొనడం పరిపాటి. రాజసభలలో మాట విలువ ఎరిగిన అనుభవం ఆ రచనకు వెనుక ఉన్నదనుకొనడం అసంగతం కాదు.

ఆధునిక వ్యవస్థ

ప్రాచీనకాలంలో ప్రతి మంత్రికీ ఒక రాజు ఉండేవాడు. ఏ ఒక్క రాజుకూ చెందక ఉభయపక్షాల మధ్య నిలిచే ఉద్యోగి ఒక స్థిరమైన వ్యవస్థగా రూపొందినది ఇరవైయవ శతాబ్దంలోనే. 1945 జూన్ 26న శాన్ ఫ్రాన్సిస్కోలో సంతకాలు జరిగిన ఐక్యరాజ్యసమితి నియమపత్రంలో ముప్పది మూడవ అధికరణం వివాదపరిష్కార మార్గాలను పేర్కొన్నది. సంప్రదింపులు, విచారణ, మధ్యవర్తిత్వం, రాజీ, పంచాయితీ తీర్పు, న్యాయస్థాన నిర్ణయం, ప్రాంతీయ సంస్థల ఆశ్రయం మొదలైనవి అందులో ఉన్నవి. తొంబది తొమ్మిదవ అధికరణం శాంతికి భంగకరమని తోచిన ఏ విషయాన్నైనా భద్రతామండలి దృష్టికి తెచ్చే అధికారాన్ని ప్రధాన కార్యదర్శికి ఇచ్చినది. ఒక విధంగా ఇది అప్రియమైనను చెప్పడానికి లిఖితపూర్వకంగా లభించిన అనుమతి.

కలహం ముదరకముందే చేసే దౌత్యప్రయత్నానికి ‘నివారక దౌత్యం’ అనే భావనను రెండవ ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ 1960 నాటి తన వార్షిక నివేదికలో ప్రతిపాదించినాడు. 1992లో బుత్రోస్ ఘాలీ ‘శాంతి కార్యక్రమం’ అనే పత్రంలో దానిని విస్తరించినాడు. ఆ సంవత్సరమే సమితిలో రాజకీయ వ్యవహారాల శాఖ ఏర్పడినది. 2019 నుండి అది శాంతినిర్మాణ బాధ్యతను కూడా కలుపుకొన్న శాఖగా పనిచేస్తున్నది. ఐరోపాలో భద్రతాసహకార సంస్థ 1992లో జాతీయ అల్పసంఖ్యాకుల హైకమిషనర్ పదవిని సృష్టించినది. ఇట్టి కార్యాలయాలలో, శాంతిదళాల వెంట, ప్రత్యేక ప్రతినిధుల వద్ద పనిచేసేవారే నేటి రాజకీయ సలహాదారులు.

సలహాదారు నిత్యకృత్యం

వీరి పని బయటివారు ఊహించినట్లు ఎప్పుడూ మహాసభలలో జరిగేది కాదు. ఉదయం స్థానిక పత్రికలు చదవడం, రేడియో వినడం, పాలకపక్షం వారిని, ప్రతిపక్షం వారిని, మతపెద్దలను, వర్తకులను, స్త్రీల సంఘాలను, సేనాపతులను కలవడం, సాయంకాలం విన్నదానిని వ్రాసి పంపడం దానిలో పెద్ద భాగం. వ్రాయడంలో మూడింటిని వేరుచేయవలెను. తాను చూచినది ఒకటి, ఒకరు చెప్పగా విన్నది మరొకటి, ఈ రెండింటి నుండి తాను ఊహించినది ఇంకొకటి. ప్రత్యక్షం, శబ్దం, అనుమానం అని మన తార్కికులు ప్రమాణాలను విభజించిన తీరు ఎరిగినవారికి ఈ నియమం కొత్తగా తోచదు. విన్నది చూచినట్లు వ్రాసిన నివేదిక ఒకనాటికి ప్రాణాలకే ముప్పు తెస్తుంది.

రెండవ పని విశ్లేషణ. ఒక పక్షం పైకి కోరుతున్నదానికి, లోపల దానికి కావలసినదానికి భేదం ఉంటుంది. ఐదూళ్ళు చాలునన్నప్పుడు పాండవులకు కావలసినది ఊళ్ళు మాత్రమే కాదు, తమ హక్కు గుర్తింపబడడం. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడు నిరాకరించినది కూడా ఆ గుర్తింపునే. ఈ భేదాన్ని పట్టుకొనలేనివాడు నేలను కొలుస్తూ కాలం గడుపుతాడు.

మూడవ పని మార్గాలను సిద్ధం చేయడం. తన పై అధికారికి ఒక్క దారి చూపి ఊరుకొనడం సలహా కాదు. రెండు మూడు దారులు చూపి, ఒక్కొక్కదాని గుణదోషాలు చెప్పి, వెనుకకు మరలవలసివస్తే ఎట్లా మరలవచ్చునో కూడా చెప్పవలెను. కౌటిల్యుడు మంత్రానికి చెప్పిన ఐదు అంగాలు, కార్యారంభోపాయం, మనుష్యద్రవ్యసంపద, దేశకాలవిభాగం, ఆపదకు ప్రతీకారం, కార్యసిద్ధి, ఈ పనికి నేటికీ సరిపోతాయి.

పదం వలన పుట్టే కలహం

సలహాదారు పనిలో భాషాజ్ఞానానికి గల స్థానాన్ని ప్రాచ్యవిద్యార్థులు ప్రత్యేకంగా గమనింపవలెను. ఒప్పందం చివరకు మాటలలోనే ఉంటుంది. మాట తప్పితే ఒప్పందమూ తప్పుతుంది.

1889 మే 2న ఇథియోపియా చక్రవర్తి రెండవ మెనెలిక్‌కు, ఇటలీకి మధ్య వుచాలే సంధి జరిగినది. అది అమ్హారిక్, ఇటాలియన్ భాషలలో వ్రాయబడినది. పదునేడవ అధికరణం ప్రకారం ఇతర రాజ్యాలతో వ్యవహరించేటప్పుడు ఇథియోపియా ఇటలీ సహాయాన్ని ‘పొందవచ్చును’ అని అమ్హారిక్ పాఠం. ఇటలీ ద్వారానే వ్యవహరించడానికి సమ్మతిస్తున్నదని ఇటాలియన్ పాఠం. మొదటిది అనుమతి, రెండవది విధి. మీమాంసకులు వాక్యార్థనిర్ణయంలో ఇట్టి భేదాన్ని ఎంత శ్రద్ధతో చర్చించినారో తెలిసినదే. ఈ ఒక్క క్రియాపదం ఆధారంగా ఇటలీ ఇథియోపియాను తన రక్షితరాజ్యంగా ప్రకటించుకొన్నది. మెనెలిక్ సంధిని తిరస్కరించినాడు. ఆ వివాదం యుద్ధంగా మారి, 1896 మార్చి 1న అద్వా రణరంగంలో ఇటలీ ఓటమితో తేలినది.

1967 నవంబరులో భద్రతామండలి అంగీకరించిన 242వ తీర్మానం మరొక ఉదాహరణ. ఆ సంవత్సరం ఆక్రమింపబడిన భూభాగాల నుండి ఇజ్రాయెల్ సేనలు వైదొలగవలెనన్న చోట ఆంగ్లపాఠంలో నిర్దేశవాచకమైన చిన్న పదం లేదు. ఫ్రెంచి పాఠాన్ని ‘ఆ భూభాగాలన్నిటి నుండి’ అనే అర్థంలో గ్రహించేవారు కలరు. అన్ని భూభాగాలా, కొన్నియా అనే వివాదానికి ఆ లోపమే ఆధారమైనది. అయితే కొన్ని వేళల ఇట్టి అస్పష్టత లేకుండా తీర్మానమే కుదరదు. ఎక్కడ స్పష్టత కావలెనో, ఎక్కడ అస్పష్టతను సహింపవలెనో, ఆ సహనానికి తరువాత చెల్లించవలసిన మూల్యమేమో ముందుగా చెప్పడం సలహాదారు బాధ్యత.

ఫలించిన రెండు ప్రయత్నాలు

1954 నవంబరులో చైనా పదకొండుమంది అమెరికా వైమానికులకు గూఢచర్య నేరంపై కారాగారశిక్ష విధించినది. సమితి సర్వసభ్యసభ డిసెంబరు 10న చైనాను ఖండిస్తూ, వారి విడుదలకు ప్రయత్నింపవలసినదిగా ప్రధాన కార్యదర్శిని కోరినది. అప్పటికి బీజింగ్ ప్రభుత్వానికి సమితిలో స్థానం లేదు. తనను ఖండించిన తీర్మానాన్ని పట్టుకొని వచ్చినవానితో అది మాట్లాడదు. హామర్‌షోల్డ్ ఈ చిక్కును ఒక సూక్ష్మభేదంతో విప్పినాడు. తాను వస్తున్నది ఆ తీర్మానం పంపగా కాదని, నియమపత్రం తన పదవికి ఇచ్చిన స్వతంత్రాధికారంతో వస్తున్నానని తెలిపినాడు. 1955 జనవరిలో బీజింగ్ వెళ్ళి చౌ ఎన్‌లైతో మాట్లాడినాడు. ఆయన వెంట వెళ్ళినవారిలో ఆక్స్‌ఫర్డ్ న్యాయశాస్త్రాచార్యుడు హంఫ్రీ వాల్డాక్, ‘పత్రస్’ పేరుతో ఉర్దూ హాస్యరచనలు చేసిన అహ్మద్ బుఖారీ ఉన్నారు. వెంటనే ఫలం కనబడలేదు. ఆయన బహిరంగంగా ఏమీ చాటక, లేఖల ద్వారా ప్రయత్నం కొనసాగించినాడు. ఆ ఆగస్టులో వైమానికులు విడుదలైనారు. శాసనహరునిగా వెళ్ళి ఉంటే కార్యం చెడేది. తన అధికారానికి సరియైన పేరు పెట్టుకొనడమే ఇక్కడ ఉపాయం.

రెండవది ఎస్తోనియా విషయం. 1991లో సోవియట్ యూనియన్ నుండి స్వాతంత్ర్యం పొందిన ఆ చిన్న దేశంలో జనాభాలో పెద్ద భాగం రష్యన్ భాషీయులు. వారిలో అనేకులకు పౌరసత్వం లభించలేదు. రష్యన్ సేనలు అప్పటికింకా ఆ దేశంలోనే ఉన్నవి. 1993 జూన్‌లో పార్లమెంటు విదేశీయుల చట్టాన్ని ఆమోదించినది. తాము పుట్టిపెరిగిన ఊరిలో ఉండడానికి అనుమతి కోరవలసి రావడం ఆ ప్రజలలో తీవ్రభయం కలిగించినది. అధ్యక్షుడు లెనార్ట్ మెరి వెంటనే సంతకం చేయక, ఐరోపా సంస్థల నిపుణుల అభిప్రాయం కోరినాడు. జాతీయ అల్పసంఖ్యాకుల మొదటి హైకమిషనర్ మాక్స్ వాన్ డెర్ స్టూల్ సవరణలు సూచించినాడు. జూలైలో చట్టం సవరింపబడినది.

ఇంతలో రష్యన్ భాషీయులు అధికంగా గల నార్వా, సిల్లమే పట్టణాలు స్వయంప్రతిపత్తిపై జూలై 16, 17 తేదీలలో ప్రజాభిప్రాయ సేకరణకు పూనుకొన్నవి. ప్రభుత్వం అది చట్టవిరుద్ధమన్నది. ఒక్క తుపాకి పేలినను పరిణామం ఎట్లుండునో ఊహింపవచ్చును. వాన్ డెర్ స్టూల్ ఉభయులను కలిసినాడు. బలప్రయోగం చేయబోమని ప్రభుత్వం నుండి, జాతీయ న్యాయస్థానం తీర్పుకు కట్టుబడతామని పట్టణాల నాయకుల నుండి మాట తీసుకొన్నాడు. ఆగస్టులో న్యాయస్థానం ఆ ప్రక్రియ చెల్లదని తీర్పు చెప్పినది. అందరూ తలవంచినారు. రష్యన్ సేనలు 1994 ఆగస్టు నాటికి వైదొలగినవి.

ఇక్కడ రెండు విషయాలు గమనింపదగినవి. హైకమిషనర్ అల్పసంఖ్యాకుల న్యాయవాది కాడు. వారి విషయంలో కలహం రాకుండా చూచేవాడు మాత్రమే. ఈ భేదాన్ని పాటించినందుననే ప్రభుత్వం ఆయనకు తలుపు తెరిచినది. రెండవది, జరగని యుద్ధానికి చరిత్రలో పేజీ ఉండదు. అద్వా యుద్ధాన్ని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. నార్వాలో జరగని యుద్ధాన్ని చెప్పేవారు తక్కువ. ఈ వృత్తిలో విజయానికి సాక్ష్యం దొరకడం కష్టం.

వినబడని హెచ్చరిక

వైఫల్యానికి మాత్రం సాక్ష్యం ఎప్పుడూ దొరుకుతుంది. 1994 జనవరి 11న రువాండాలోని సమితి శాంతిదళాధిపతి రోమియో డల్లేర్ న్యూయార్కుకు ఒక రహస్య తంతిని పంపినాడు. కిగాలీ నగరంలో ఆయుధాలు దాచి ఉంచినారని, టుట్సీ జాతీయుల జాబితాలు తయారవుతున్నవని, ఇరవై నిమిషాలలో వేయిమందిని చంపగల ఏర్పాటు ఉన్నదని లోపలి మనిషి ఒకడు తెలిపినట్లు అందులో వ్రాసినాడు. ఆయుధాలను స్వాధీనం చేసుకొనడానికి తాను సిద్ధపడుతున్నానని తెలిపినాడు. అది తమ ఆదేశపరిధికి మించినదని ప్రధాన కార్యాలయం నిరోధించినది. విషయాన్ని ఆ దేశాధ్యక్షునికి, మూడు దేశాల రాయబారులకు తెలుపవలసినదిగా సూచించినది.

ఏప్రిల్ 6న అధ్యక్షుని విమానం కూల్చివేయబడినది. ఆ వెంటనే ఆరంభమైన సంహారం సుమారు నూరు దినాలు సాగినది. దాదాపు ఎనిమిది లక్షల మంది మరణించినట్లు సమితి అంచనా. చంపుడు సాగుతుండగానే ఏప్రిల్ 21న భద్రతామండలి అక్కడి దళాన్ని 270 మందికి తగ్గిస్తూ తీర్మానించినది.

తెలియక జరిగినది కాదు ఇది. అంతకు ముందు సంవత్సరం అక్టోబరులో సోమాలియా రాజధానిలో పద్దెనిమిది మంది అమెరికా సైనికులు చనిపోయినారు. మరల అట్టిది జరుగునేమో అనే భయం కార్యాలయాన్ని, సభ్యదేశాలను ఆవరించి ఉన్నది. 1999 డిసెంబరులో వెలువడిన స్వతంత్ర విచారణ సంఘ నివేదిక సాధనాల కొరతను, పూనుకొనే సంకల్పం లేమిని మూలదోషాలుగా నిర్ణయించినది. ఆ సంఘానికి స్వీడన్ మాజీ ప్రధాని ఇంగ్వార్ కార్ల్‌సన్ అధ్యక్షుడు. ధృతరాష్ట్రుని బుద్ధిని వెనుకకు తిప్పినది పుత్రవ్యామోహం. ఇక్కడ ఆ పనిని గతానుభవం వలన పుట్టిన భయం చేసినది. రెండుచోట్లా చెప్పినవాడు చెప్పినాడు. చెవిని చేరినది మనసును చేరలేదు.

చెప్పేవాని ధర్మం

చెప్పినను వినరని ముందే తెలిసినప్పుడు ప్రయత్నం ఎందుకు? ఉద్యోగపర్వంలో ఈ ప్రశ్నను విదురుడే శ్రీకృష్ణుని అడిగినాడు. హస్తినకు వచ్చిన కృష్ణుడు దుర్యోధనుని విందును నిరాకరించినాడు. కార్యం నెరవేరిన పిమ్మటనే దూతలు భుజిస్తారని కారణం చెప్పి, విదురుని ఇంట బస చేసినాడు. ఆ రాత్రి విదురుడు, ఈ సభలో మంచిమాట చెవిటివాని ముందు పాటవంటిదని, రావడమే తగదని హెచ్చరించినాడు. కృష్ణుని సమాధానం మూడు అంశాలతో కూడినది. శక్తివంచన లేకుండా ప్రయత్నించినవానికి కార్యం ఫలింపకపోయినను పుణ్యం తప్పదు. ఆపదలో పడబోయే మిత్రుని జుట్టు పట్టుకొని అయినా వెనుకకు లాగవలెను. శక్తి ఉండి కూడా కృష్ణుడు కలహాన్ని ఆపలేదని రేపు లోకం అనరాదు.

మూడవ అంశం కీర్తిని గురించినదిగా పైకి తోచును. పరిశీలిస్తే అది సాక్ష్యాన్ని గురించినది. యుద్ధం అనివార్యమైనది కాదని, దానిని ఎంచుకొన్నవారు ఉన్నారని తెలియవలెనంటే, వేరొక దారి సభామధ్యంలో చూపబడి ఉండవలెను. డల్లేర్ తంతి అట్టి సాక్ష్యం. అది ప్రాణాలను కాపాడలేదు. కాని ఎవరికీ తెలియదనే సాకును శాశ్వతంగా తొలగించినది. దానినాధారంగా జరిగిన ఆత్మవిచారణ తరువాతి కాలపు నియమాలను కొంత మార్చినది.

అయితే పోలికకు హద్దు కలదు. సభలో రాయబారం విఫలమైన పిమ్మట కృష్ణుడు కర్ణునికి జన్మరహస్యం చెప్పి తనవైపు త్రిప్పుకొనజూచినాడు. సామంతో మొదలుపెట్టి భేదం దాకా ఉపాయాలన్నీ ప్రయోగించినట్లు ఆయనే ధర్మరాజుకు నివేదించినాడు. ఆయన ఉభయులకూ బంధువైనను పాండవపక్షం వాడు. నేటి తటస్థ సలహాదారుకు భేదోపాయం నిషిద్ధం. ఒక్కసారి దానిని వాడితే రెండవసారి అతనిని ఎవరూ నమ్మరు. కనుక వీనికి ఆదర్శం కృష్ణుని ప్రయత్నదీక్ష, సంజయుని యథార్థవాదం, విదురుని నిర్భీతి కలిసిన ఒక రూపం.

కౌటిల్యుడు రాజుకు వినే విద్యను నేర్పదలచినాడు. అందుకే ముగ్గురు నలుగురు మంత్రులను పెట్టమన్నాడు, వారు పలికే కారణాలతో సహా వారి అభిప్రాయాలను గ్రహింపమన్నాడు. నేటి సంస్థలలో హెచ్చరికను వ్రాసే విధానాలు చాలా పెరిగినవి. హెచ్చరిక అందినప్పుడు ఎవరు, ఎన్ని దినాలలో, ఏమి సమాధానం చెప్పవలెననే నియమం మాత్రం ఇంకను బలహీనంగానే ఉన్నది. మంత్రాంగంలో సంస్కరణ కావలసినది ఆ చోటనే. అది జరిగేదాకా సంజయుడు రాత్రివేళ వచ్చి చెప్పిపోతూనే ఉండవలెను, రాజుకు నిద్ర పట్టకుండానైనా.